బావిలోకి దిగిన వేర్లు

ఆ ఏడు వానలు బాగానే పడ్డాయి. అయినా మునిరత్నం బావిలో చెంబు మునిగేటన్ని నీళ్ళు లేవు. గూడూరు నుంచి తెచ్చి, భార్య చంద్రకాంతమ్మ బిడ్డల్లా సాకిన నిమ్మచెట్లు పూతమీదే ఆకు ముడుచుకున్నాయి.

"చెంగయ్య మోటారు బిగించినప్పుడే మన బావికి పాడె కట్టినాడు" అని మునిరత్నం పక్కచేని చెంగయ్యతో మాటలు మానేశాడు.

బావి ఇంకాస్త లోతు చేస్తే నిమ్మ బతుకుతుందని గడ్డపార తీసుకుని తానే దిగాడు. పైన గిలక దగ్గర చంద్రకాంతమ్మ మట్టితట్టలు లాగుతోంది. ఊట ఉండాల్సిన గరుసు మన్ను పొడిపిండిలా రాలుతోంది. గడ్డపార దేనికో చిక్కుకుంది. లాగితే వేరు. దాని వెనక జడలు జడలుగా పీచు. అన్నీ పైచేని వైపు గోడలోంచే వచ్చాయి.

పైచేనూ మునిరత్నానిదే; అందులో ఉన్నది జామాయిలు తోపు. వేరుశనగ పండక, ఊళ్ళో మొక్కలు పంచినప్పుడు ఆయనే గుంతలు తీసి నాటాడు. నీళ్ళు పోయకుండానే ఏపుగా పెరిగాయని వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిశాడు. ఎక్కడ తాగుతున్నాయని ఎవరూ అడగలేదు, ఆయనతో సహా.

"ఏమయ్యా, ఊట తగిలిందా?"

"తగల్లేదు మే. మనకంటే ముందు తాగేవాళ్ళుండారు ఈడ."

"ఎవురు?"

"నేను నాటినోళ్ళే."

చంద్రకాంతమ్మ తాడు పట్టుకునే పైచేని వైపు తిరిగి చూసింది.

తోపు కొట్టించేశాడు. నిమ్మకు మాత్రం బావిలో మళ్ళీ ఊట ఊరేదాకా ఆగే ఓపిక లేదు. తల వంచుకుని చెంగయ్య గడప తొక్కాడు.

"మోటారు ఆపమని వచ్చినావాబ్బా?"

"లేదప్పా. నీ మోటారు పాపం లేదు. నా చెట్లే తాగేసినాయి. నిమ్మకు ఒక తడి ఇస్తావేమోనని..."

చెంగయ్య దెప్పుదామనే నోరు తెరిచాడు. ఎదుటి మొహం చూసి మానుకున్నాడు.

"ఆ చెట్ల వేర్లు గట్టు దాటకుండా ఉంటాయా? నా బావీ అడుగంటింది. కాలవ కట్టేటన్ని నీళ్ళు లేవు. బిందెలతో మోసుకుపోండి."

మరుసటి వాన పడ్డాక మునిరత్నం తోపులో గుంత తవ్వి చూశాడు. పైన మూరెడు తడి, ఆ కిందంతా పొడి. గుంత పక్కనే కొట్టేసిన మొద్దుకు ఎర్రటి చిగుళ్ళు గుత్తులుగా లేచాయి. చిగుళ్ళు నరికి ఊరుకోకుండా, గడ్డపారతో మొద్దునే వేర్లతో పెకలించడం మొదలుపెట్టాడు.

గట్టు కింద చంద్రకాంతమ్మ బిందె ఎత్తుకుని నిమ్మల మధ్య నిలబడింది.

"అన్నిటికీ చాలవు. దేనికి పోసేది?"

ఆమె ఎండిపోయిన చెట్టును చేత్తో తడిమి, దాన్ని దాటుకుని పక్కదాని మొదట్లో బిందె వంచింది.