తోక లేని మాట

మా టర్కీ భాషలో చూసిన సంగతి ఒకలా, విన్న సంగతి ఇంకోలా చెబుతాం. ‘వెళ్ళింది’ అంటే నా కళ్ళతో చూశానని పూచీ. ‘వెళ్ళిందట’ అంటే ఎవరో చెబితే విన్నానని. క్రియ చివర ‘మిష్’ అనే చిన్న తోక తగిలిస్తే చాలు, చెప్పినవాళ్ళకు పాపం అంటదు. ముప్పై రెండేళ్ళు బడిలో ఆ తోక గురించి పాఠం చెప్పాను. పిల్లలు ఆవలించేవారు. దాని విలువ నాకే తెలియజెప్పింది మోల్దోవా నుంచి వచ్చిన వియొరికా.

ఉస్కుదార్‌లో మా కింది అంతస్తులో మెలాహత్ మామ్మ ఉంటుంది. మతిమరుపు బాగా ముదిరింది. కూతురు నెబహత్ పక్క వీధిలో మందుల దుకాణం నడుపుతుంది కాబట్టి పగలు తల్లిని చూసుకోవడానికి వియొరికాను పెట్టి, ఇంట్లోనే ఉంచుకుంది. మధ్యాహ్నం మామ్మ కునుకు తీసే వేళ నేను దిగి వెళ్ళి ఆ పిల్లకు మా భాష నేర్పేదాన్ని.

మొదటి నెలలోనే కొంప ముంచింది. మెట్ల మీద ఎవరో గుసగుసలాడుకుంటుంటే విని, తోక మర్చిపోయి, “రొట్టెల హుస్నూ గారి భార్య లేచిపోయింది” అనేసింది. అరగంటలో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి వాలారు. “నువ్వు చూశావా? ఎవరితో? ఏ రంగు కారు?” పాపం, ఆవిడ బుర్సాలో చెల్లెలింటికి వెళ్ళింది. తిరిగొచ్చి వీధంతా హోరెత్తించింది. వియొరికా ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆ తోకను పుస్తకంలో వందసార్లు రాసింది. ఆ తర్వాత ఎవరి మాటకైనా తోక ఉందో లేదో చూడకుండా వదిలేది కాదు.

మొన్న మంగళవారం కింద అరుపులు వినిపిస్తే పరుగున దిగాను. మామ్మ కుర్చీలో ఉంది, మణికట్టు వాచింది. నెబహత్ వియొరికా సంచి తెచ్చి గుమ్మంలో పడేసింది.

“సర్దుకో. సాయంత్రం బస్సుకి మీ ఊరెళ్ళిపో!”

“నేను వదల్లేదక్కా. మెట్లమీద మామ్మ కాలు జారింది. గట్టిగా చెయ్యి పట్టుకుని ఆపాను. అందుకే వాచింది.”

“కథలు చెప్పకు. సబిహా అంతా చెప్పింది.”

ఎదురింటి సబిహా చున్నీ సర్దుకుంది. “నాకెందుకమ్మా ఒకళ్ళ గొడవ! మామ్మని మెట్లమీదే వదిలేసి ఈవిడ బజారుకి పోయిందట. మామ్మ దొర్లి పడిందట. నిప్పు లేందే పొగొస్తుందా?”

వియొరికా కళ్ళు తుడుచుకుని ఆమె వైపు తిరిగింది. “సబిహా అక్కా, మీరు ‘పోయింది’ అనలేదు. ‘పోయిందట’ అన్నారు. తోక తీసేసి ఒక్కసారి చెప్పండి.”

న్యాయంగా చెప్పాలంటే, సబిహా లోకం మీద ఎన్ని చెప్పినా తోకతోనే చెబుతుంది. చూడనిది చూశానని మాత్రం అనదు.

“అదెలా అంటానమ్మా? నేను చూళ్ళేదుగా. కూరల బండి దగ్గర ఎవరో అనుకుంటుంటే...”

“ఎవరు?” అన్నాను నేను.

“ఎవరోనట, టీచరమ్మా.”

గర్వంతో నా గుండె నిండిపోయింది. మా పిల్లలకు నిద్ర తెప్పించిన పాఠంతో పరాయి దేశపు పిల్ల వీధి నోరు కట్టేసింది. కానీ నెబహత్ చల్లబడలేదు.

“సరే, ఆవిడ చూళ్ళేదు. నువ్వు పట్టుకోవడం చూసిందెవరు?”

వియొరికా వంగి సంచి జిప్పు లాగింది.

మామ్మకు కొన్నేళ్ళుగా తన బతుకే ఎవరో చెప్పిన కథ. “నాకు పెళ్ళయిందట. మా ఆయన పడవ నడిపేవాడట. మంచివాడట.” కూతుర్ని చూసి కూడా “నువ్వు నా కడుపున పుట్టావట కదా” అంటుంది. అది విన్నప్పుడల్లా నెబహత్ వంటగదిలోకి వెళ్ళిపోయేది. ఆ మామ్మ ఇప్పుడు జిప్పు చప్పుడుకు తలెత్తింది. వాచిన చెయ్యి పైకెత్తి, వియొరికాను చూపించింది.

“నా కాలు జారింది. ఈ పిల్ల పట్టుకుంది.”

పట్టుకుందట కాదు. పట్టుకుంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

నెబహత్ తల్లి ముందు మోకాళ్ళ మీద కూలబడింది. “అమ్మా, ఏమన్నావ్? మళ్ళీ చెప్పు.”

మామ్మ మా అందరి మొహాలూ చూసి, మర్యాదగా నవ్వింది.

“ఏమిటీ, నేనేదో అన్నానటా?”

నెబహత్ లేచి సంచి అందుకుని, లోపలి గదిలో వియొరికా మంచం కింద పెట్టి వచ్చింది.