నూట అరవై నాలుగు చెరువులు, ఒక మగ్గం

2022 జూన్ పద్నాలుగు, మంగళవారం. మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. ఏలూరులో ఎండ నలభై ఒక్క డిగ్రీలుంది. గాలి స్తంభించింది. దక్షిణాన కొల్లేరు మీద మబ్బు పట్టింది గాని చినుకు పడలేదు. ఆ సమయానికి పవర్‌పేటలోని ఒక మేడమీది గదిలో ఇందుజ కంప్యూటరు ముందు కూర్చుని, నూట అరవై నాలుగును ఇరవై ఐదుతో గుణించింది. నాలుగు వేల వంద వచ్చింది. తరవాత జరిగినదానికంతటికీ మూలం ఆ గుణకారమే.

కొత్త జిల్లాలు ఏర్పడి రెండు నెలలు దాటింది. ఏ ప్రాంతంలో ఏ పనికి మనుషులు కావలసి వస్తారో, ఏ పనికి అక్కర్లేకపోతారో రెండేళ్ల ముందుగా చెప్పే పట్టిక ఒకటి తయారు చేసే బాధ్యత ఆమె పనిచేసే ప్రైవేటు అధ్యయన కేంద్రం మీద పడింది. పట్టికలో నిలువుగా ఊళ్లు: పెదవేగి, దెందులూరు, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు, ఆకివీడు. అడ్డంగా వృత్తులు: పామాయిల్ గెలలు కోసేవారు, వరి కోత యంత్రాల డ్రైవర్లు, ఉల్లి మార్కెట్టులో బస్తాలు మోసే ముఠావారు, తివాచీ నేతవారు, చేపల చెరువుల కూలీలు. గడిలో అంకె పెరిగితే ఆకుపచ్చ బాణం, తగ్గితే ఎర్ర బాణం.

ఆ గళ్లలో ఒక్కటి మాత్రం ఇందుజకు అంకెలా కనిపించడం మానేసి నెల రోజులైంది. మే నెలలో ఏలూరులోనే తంగెళ్లమూడిలో మగ్గాలు లెక్కపెట్టడానికి వెళ్లినప్పుడు దస్తగిరి అనే తివాచీ నేతగాడు ఆమెను ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టాడు. అరవైకి దగ్గరపడుతున్నవాడు. ఆయన మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే తప్ప పని సాగదు. కుడివైపు ఆయన, ఎడమవైపు కూతురు తరన్నుమ్. ఆ అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసింది. ఆమె వేరే పనికి వెళితే మగ్గం ఆగిపోతుంది. ఆగిన మగ్గాన్ని ఆ రెండు గదుల ఇంట్లో ఉంచుకోవడానికి చోటు లేదు. అమ్మేయాల్సిందే.

"మీ లెక్క తేలాక ఒకసారి వచ్చి చెప్పండమ్మా. దాన్నిబట్టి పిల్ల సంగతి ఆలోచిస్తాం," అన్నాడు దస్తగిరి.

చెప్తానని ఇందుజ మాటిచ్చింది.

బుధవారం ఉదయం ఒక ఫారంలో సంతకం తక్కువైందని ఆమె ఆకివీడు వెళ్లింది. ఊరి బయట చెరువులో పట్టుబడి జరుగుతోంది. నడుంలోతు నీళ్లలో మనుషులు రెండు వరసలుగా నిలబడి వల లాగుతున్నారు. గట్టు మీద ఐసు పెట్టెలు, వాటి వెనక లారీ. జట్టు మేస్త్రి ఎలీషా గట్టెక్కి, లుంగీ పిండుకుని, సంతకానికి చెయ్యి తుడుచుకున్నాడు. ఇందుజ ఊరికే మాట కలపడానికి అడిగింది.

"ఇవాళ మీరు ఇరవై ఐదుగురూ ఇక్కడున్నారు. మరి రేపు పక్క చెరువుకి ఎవరొస్తారండీ?"

"ఆయ్, మేమేనండి."

"దాని అవతల చెరువుకి?"

"అదీ మేమేనండి. శనివారం దాని వంతు."

నీళ్లలోంచి ఒక ముసలాయన గట్టిగా అన్నాడు. "చెరువుకో ఎలీషా ఉన్నాడనుకుంటున్నట్టున్నార్రా మేడంగారు! ఒక్కడితోనే వేగలేక చస్తున్నామండీ!"

వరసంతా నవ్వింది. ఇందుజ నవ్వలేదు.

"అయితే చెరువు చెరువుకీ ఇరవై ఐదుగురు కావాలని ఆసాములందరూ రాసిచ్చారు కదండీ."

"కావాలి కదండి మరి. మేం రాకపోతే వల ఎవరు లాగుతారండి? కాకపోతే మాతో పని ఒక్క పూటేనండి. చేప పెరగడానికి ఏడాది పడద్ది, మేం లాగెయ్యడానికి ఎండెక్కేదాకా చాలు."

"ఈ చెరువులన్నిటికీ కలిపి మీలాంటి జట్లు ఎన్నుంటాయి?"

ఎలీషా తడి వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. "తొమ్మిదండి. మొన్నటిదాకా పది. ఒక జట్టు హైదరాబాదు బిల్డింగుల పనికెళ్లిపోయిందండి."

తొమ్మిది జట్లంటే రెండు వందల ఇరవై ఐదుగురు. నాలుగు వేల వందమంది కాదు. ప్రశ్న వేసింది చెరువుల ఆసాములను, మనుషులున్నది జట్లలో. ఆ తొమ్మిది జట్లనే నూట అరవై నాలుగు గట్ల మీద నిలబెట్టి, గట్టుకోసారి కొత్తగా లెక్కపెట్టారు. పొరపాటు అంతటితో ఆగలేదు. కేంద్రం పాటించే సూత్రం ప్రకారం ప్రతి ఇరవైమంది చెరువు కూలీలకు నీటి పరీక్షలు చేసే టెక్నీషియన్ ఒకరు కావాలి. ఆ లెక్కన పట్టికలో రెండు వందల ఐదుగురు టెక్నీషియన్లు తేలారు. కేంద్రం మంగళవారం సాయంత్రమే పంపిన ఆ అంకెను నమ్మి తాడేపల్లిగూడెంలో ఒక శిక్షణ సంస్థ తొమ్మిది నెలల కోర్సు ప్రకటించింది. చేరడానికి జూన్ ముప్పై గడువు. అసలు కావలసినవారు పదకొండుగురు.

తిరుగు బస్సులో ఇందుజ ఆ లెక్క కాగితం మీద మూడుసార్లు వేసింది. మూడుసార్లూ పదకొండే వచ్చింది.

కేంద్రం డైరెక్టరు సూర్యనారాయణ పూర్వం కాలేజీలో ఆమెకు గణాంకశాస్త్రం చెప్పినవాడు. ఈ ఉద్యోగం ఇప్పించినవాడూ ఆయనే. గురువారం ఉదయం ఆయన ఆమె కాగితం మొదటినుంచి చివరిదాకా చదివి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఊరూరా అతికించే పట్టిక పోస్టర్లు ప్రెస్సుకి వెళ్లిపోయాయమ్మా. నిన్న సాయంత్రమే."

"ఆపించవచ్చు కదా మాస్టారూ?"

"ఆపించి ఏమని చెప్పను? ఇందులో తప్పు నీదీ కాదు, నాదీ కాదు. ప్రశ్నే తప్పుగా ఉంది."

"ప్రశ్నలు ఎవరు రాశారండీ?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. తరవాత, "నేనే," అన్నాడు. "వచ్చే విడతలో సవరిద్దాం. ఇది అంచనా తల్లీ. దీన్ని చూసుకుని ఎవరూ సంసారాలు తిరగేసుకోరు."

అలా తిరగేసుకోబోతున్న సంసారం ఒకటి ఇందుజకు తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కాని పద్నాలుగేళ్లుగా ఆయన ఎదుట కాదని అనడం ఆమె ఎరగదు. తరగతిలో బోర్డు మీద తప్పు పడినా ఆయనే చూసుకుని చెరిపేదాకా ఊరుకునే పిల్లల్లో ఆమె ఒకతె. పైగా జూలైలో తాత్కాలిక ఉద్యోగుల కొనసాగింపు ఉత్తర్వులు రావాలి. ఈ రెండింటిలో ఏది ఎక్కువ పనిచేసిందో ఆమె తరవాత చాలాసార్లు ఆలోచించింది గాని తేల్చుకోలేకపోయింది. పట్టిక చివర 'క్షేత్రస్థాయిలో సరిచూడబడినది' అన్న వాక్యం కింద సంతకం పెట్టింది.

ఆదివారం మాట నిలబెట్టుకోవడానికి తంగెళ్లమూడి వెళ్లింది. సందు మొదట గోడ మీద పోస్టరు అప్పటికే ఉంది. తివాచీ నేతకు ఎర్ర బాణం: రెండేళ్లలో మూడోవంతు తగ్గుదల. దాని పక్కన టెక్నీషియన్లకు ఆకుపచ్చ బాణం, అన్నిటికంటే పొడుగ్గా.

దస్తగిరి మగ్గం మీంచి లేవకుండానే, "రండమ్మా, రండి," అన్నాడు. తరన్నుమ్ ముడి వేసి దారం తెంపి ఇటు తిరిగింది. ఆయన భార్య షంషున్నీసా గ్లాసుతో మంచినీళ్లిచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమ్మా, సాయంత్రం వాన పడుద్దో లేదో చెప్పలేరు గాని రెండేళ్ల తరవాత ఎవరికి కూడు దొరుకుద్దో చెప్పేస్తారా మీరు?" అంది షంషున్నీసా.

"నువ్వూరుకో," అన్నాడు దస్తగిరి. "చదువుకున్నోళ్లు. ఊరూరూ తిరిగి మరీ లెక్కలు రాసుకున్నారు. మీరు చెప్పండమ్మా. మా గోడ మీద అతికించినదాని సంగతి కాదు. మీ ఇంట్లో పిల్లయితే ఆ టెక్నీషియన్ కోర్సుకి పంపుతారా?"

ఇందుజ గ్లాసు కింద పెట్టింది. "అంచనా అంటే అంచనాయేనండీ. కొంచెం అటూ ఇటూ ఉంటుంది."

"కొంచెమే కదా. పది ఇరవై తగ్గినా ఇంకా బోలెడుమంది కావాలి."

తరన్నుమ్ అంతదాకా వింటోంది. "రెండు వందల ఐదుమంది ఎక్కడ కావాలి మేడమ్? ఏ చెరువుల దగ్గర?"

ఆ ప్రశ్న సరైనది. ఇందుజ వేయవలసి ఉండీ వేయని ప్రశ్న కూడా అదే. జవాబు ఆమె సంచిలోనే, నాలుగు మడతలు పెట్టిన కాగితం మీద ఉంది.

"ఆకివీడు వైపు," అంది ఇందుజ.

"ఆకివీడేగా? బస్సులో పోయి రావచ్చు," అన్నాడు దస్తగిరి, బరువు దిగినవాడిలా. షంషున్నీసా గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

తరన్నుమ్ జూన్ ఇరవై ఎనిమిదిన కోర్సులో చేరింది. ఎడమచెయ్యి లేని మగ్గం మీద దస్తగిరి నెల రోజులు ఒంటరిగా కూర్చుని, మొదలుపెట్టిన తివాచీని సగంలో కోసేశాడు. ఆగస్టులో కలప కొనే మనిషి వచ్చి మగ్గం దూలాలు విప్పి తోపుడు బండి మీద వేసుకుపోయాడు. ఆ సందులో మరో ఐదు ఇళ్లు అదే పని చేశాయి. ఏటా సరుకు కొనే వ్యాపారి పోస్టరు చూశాడు. నేసేవాళ్లే ఉండరట కదా అని తన ఆర్డరును ఉత్తరాదికి మళ్లించాడు. మిగిలిన మగ్గాలకు పని తగ్గింది. తగ్గినకొద్దీ అవీ అమ్ముడుపోయాయి. ఎర్ర బాణం మొదట నిజమేమీ కాదు. చూసినవాళ్లందరూ కలిసి దాన్ని నిజం చేశారు. ఆకుపచ్చ బాణానికి ఆ అదృష్టం కూడా లేకపోయింది. దాన్ని నిజం చేయడానికి చెరువులు ఒప్పుకోలేదు. అరవైమంది సర్టిఫికెట్లు పుచ్చుకున్నారు. నలుగురికి ఉద్యోగాలు వచ్చాయి.

2024 మే నెలలో రెండో విడత లెక్కలకని ఇందుజ ఆకివీడు దగ్గర ఒక రొయ్యల షెడ్డులోకి వెళ్లింది. పొడవాటి స్టీలు బల్లలు, వాటి మీద ఐసు, ఇరువైపులా టోపీలు పెట్టుకుని నిలబడిన ఆడవాళ్లు. మూడో బల్ల దగ్గర ఒకామె తలెత్తి చూసింది.

"మీరా మేడమ్? అడగండి. ఫారం ఉంటుందిగా," అంది తరన్నుమ్.

ఇందుజ కలం తీసింది. "వృత్తి?"

"రొయ్య తల తీయడం."

"చదువు?"

"బీఎస్సీ. పైన నీటి పరీక్షల కోర్సు."

"అంతకుముందు పని?"

"మీకు తెలుసుగా. రాసుకోండి, తివాచీ."

ఐసులో పన్నెండు గంటలు నానే వేళ్లు ఎలా ఉంటాయో ఇందుజ అప్పుడు చూసింది. చర్మం తెల్లగా ఉబ్బి, గోళ్ల పక్కన చీలికలు తేలి ఉంది. సన్నదారం ముడి ఆ వేళ్లకు ఇక పట్టు చిక్కదు.

"నాన్నగారు ఎలా ఉన్నారు?"

"గోడకి ఆనుకుని కూర్చుంటారు. మగ్గం ఉన్న గోడకే." రొయ్య తల పక్క తొట్టిలో పడింది. "ఆ రెండు వందల ఐదుమంది ఎక్కడున్నారో తెలిసిందా మేడమ్? నేను చాలా చెరువులు తిరిగాను."

"లేరు," అంది ఇందుజ. "అసలు పదకొండుమందే. నాకు అప్పుడే తెలుసు."

"అప్పుడంటే?"

"మీ ఇంటికి రాకముందే. నాలుగు రోజుల ముందు."

తరన్నుమ్ చెయ్యి ఆగింది. చాలా సేపు కాదు, రెండు రొయ్యలు తీసేంత సేపు. తరవాత మళ్లీ ఐసులోకి వెళ్లింది.

"తరవాతి ప్రశ్న అడగండి. సూపర్‌వైజరు చూస్తున్నాడు," అంది.

ఆ జూన్‌లో సూర్యనారాయణ రొయ్యల షెడ్ల ఆడవాళ్లందరినీ చేపల చెరువుల గడిలోనే కలిపాడు. మొత్తం నాలుగు వేలకు దగ్గరగా వచ్చింది. మొదటి అంచనా తొంభై రెండు శాతం ఫలించిందని నివేదిక మొదటి పేజీలో రాశాడు. ఇందుజ తొమ్మిది జట్ల కాగితాన్ని చివర జతచేసి, ఈసారి సరిచూసినట్టు సంతకం పెట్టనని చెప్పింది. ఆయన ఆమె వైపు చూడకుండా సరేనన్నాడు. నివేదిక ఆ కాగితం లేకుండా అచ్చయింది. జూలైలో ఆమె పేరు కొనసాగింపు జాబితాలో లేదు.

2022 జూన్‌లో తంగెళ్లమూడిలోని ఆ సందులో నడుస్తున్న మగ్గాలు పద్నాలుగు. మూడోవంతు తగ్గుతాయని పట్టిక చెప్పింది. 2025 డిసెంబరు నాటికి అక్కడ ఒక్క మగ్గమూ లేదు.