మందను ఇంటికి పిలిచే రాగం

నేను ఒక రెల్లుగొట్టాన్ని. కాస్పియన్ సముద్రతీరాన, మాజందరాన్ వరిమళ్ల అంచున మొలిచాను. సబ్జలీ అనే గొర్రెల కాపరి నన్ను కోసి, కాల్చిన ఇనుపచువ్వతో రంధ్రాలు పెట్టి, పిల్లనగ్రోవిగా మలిచాడు. అక్కడివారు నన్ను లలేవా అంటారు. ఆ గాయాల గురించి మనుషులు చాలా కవిత్వం చెబుతారు. నాకు గుర్తున్నది పొగవాసన మాత్రమే.

మందకు ఒక్కో పనికి ఒక్కో రాగం ఉండేది. నీళ్లకు ఒకటి, మేతకు ఒకటి. సాయంత్రం మందను ఇంటికి పిలిచే రాగం మాత్రం సబ్జలీకి తండ్రి నేర్పినది. కొండను ఎంత పొగమంచు కమ్మినా, అది వినగానే గొర్రెలన్నీ దొడ్డికి చేరేవి. ముప్పై ఏళ్లలో ఆ రాగం వాటిని ఒక్కనాడూ మోసగించలేదు.

సబ్జలీ మోకాళ్లు కొండ ఎక్కలేమన్న ఏడాది మందను అమ్మక తప్పలేదు. కబేళా వ్యాపారి లారీ తెచ్చాడు. గొర్రెలు లారీకి ఆనించిన పలక ఎక్కకుండా మొరాయించాయి. కూలీలు కర్రలెత్తారు.

"కొట్టకండ్రా, మీ చేతులు పడిపోను!" అంటూ సబ్జలీ భార్య సనంబర్ అడ్డుపడింది.

"అయితే నువ్వే చంకనెత్తుకుని ఎక్కించు, ముసలమ్మా!" అన్నాడు వ్యాపారి.

ఆమె భర్త వైపు తిరిగింది. "ఊదవయ్యా. దెబ్బలైనా తప్పుతాయి."

"ఏది ఊదమంటావు?"

"నన్నడుగుతావా?"

సబ్జలీ లారీ పక్కన నిలబడి నన్ను పెదవి మూలన ఆనించాడు. ఇంటికి పిలిచే రాగమే ఊదాడు. గొర్రెలు ఒకదాని వెంట ఒకటి ఎక్కాయి, కుంటిది అన్నిటికంటే ముందు.

"మంత్రగాడివయ్యా!" అని వ్యాపారి మెచ్చుకున్నాడు.

ఊపిరి అతడిది, స్వరం నాది. ఆ అబద్ధం ఎవరిదో నేటికీ తేల్చుకోలేకపోయాను.

కొన్నేళ్లకు ఫరంగీస్ అనే యువతి కాపరుల రాగాలు సేకరిస్తూ, టేప్‌రికార్డరు పట్టుకుని వచ్చింది. సబ్జలీ ఆమెకు నీళ్ల రాగం, మేత రాగం, తనకు తెలిసినవన్నీ వినిపించాడు.

"మందను ఇంటికి పిలిచేది లేదా, తాతా?"

టీ పోస్తున్న సనంబర్ చెయ్యి ఆగింది.

"లేదు బిడ్డా. మా గొర్రెలు వాటంతటవే వచ్చేవి."

సనంబర్ మిగిలిన టీ పోసింది.

వెళ్లేటప్పుడు సబ్జలీ నన్ను ఆ అమ్మాయి చేతిలో పెట్టాడు. ఇప్పుడు మ్యూజియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కన ఒక కాగితం. ఈ కాపరులకు మందను ఇంటికి పిలిచే రాగం లేదని అందులో చక్కని అక్షరాలతో రాసి ఉంది. చూడవచ్చినవారు శ్రద్ధగా చదువుతారు, నమ్ముతారు, ముందుకు సాగిపోతారు.