తలా మొండెం

రంపం ఒకసారి దిగాక చెక్క వెనక్కి అతుక్కోదు. బతుకంతా చెక్క కోసిన మేస్త్రీకి ఆ సంగతి ఒకరు చెప్పాలా? అయినా ఆ ఉదయం పెన్సిలు గీత మీద రంపం పళ్లు ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు.

"ఏంటన్నయ్యా, గీత పారిపోతుందని కాపలా కాస్తున్నావా?" అన్నాడు ఫ్యూజు.

ఫ్యూజు అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. రేడియోలూ మైకులూ బాగుచేసే షాపు అతనిది. పొద్దున్నే వచ్చి, మేస్త్రీ బల్ల మీదున్న గిటార్ యాంప్లిఫయర్‌ని వెనక్కి తిప్పి, లోపల నిలవున్న కరెంటు తీసేసి, గాజు వాల్వులు వేలాడుతున్న ఇనప చట్రాన్ని, అంటే ఛాసిస్‌ని బయటికి లాగాడు. స్పీకరు కూడా విప్పేశాడు. ఇక మిగిలింది ఖాళీ పెట్టె.

"పైముక్క తల, అంటే హెడ్డు. కిందిముక్క స్పీకరుకి. తలా మొండెం వేరు చెయ్యడానికి ఇంత ఆలోచనేంటి, ఒక్క వేటు..." అని నవ్వబోయి నాలుక కరుచుకున్నాడు.

ఆ యాంప్లిఫయర్ మేస్త్రీ కొడుకుది. కిందటి వానల్లో బండి జారి చనిపోయిన కొడుకుది.

మేస్త్రీ విననట్టే రంపం లాగాడు.

అడిగింది కోడలు. మొగుడు వాయించిన జట్టులో ఇప్పుడు ఆమే గిటార్ వాయిస్తోంది. ఇద్దరి పరిచయం మొదలైందే గిటార్ క్లాసులో. శనివారం పెద్ద హాల్లో ఆమె మొదటి కచేరీ. "వాల్వులూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉంటే సిమెంటు బస్తాలా ఉంది మావయ్యా. మెట్లు దింపేసరికి నడుం పోతోంది. రెండు ముక్కలు చేసిపెట్టండి" అంది. అందులో కాదనడానికేముంది?

ఒక్క భయం మాత్రం ఉంది. గయ్యాళి నోరు పడిపోతుందేమోనని.

గయ్యాళి అని ఆ యాంప్లిఫయర్‌కి పేరు పెట్టింది కొడుకే. "నేనొకటంటే తనింకోటి అనాల్సిందే నాన్నా. ఆఖరి మాట తనదే కావాలి" అనేవాడు. నిజమే. మిగతా స్వరాలన్నిటికీ బుద్ధిగా ఉండేది గానీ, ఒక్క స్వరం దగ్గర మాత్రం తీగ మీంచి వేలు తీసేశాక కూడా లోపల్నుంచి సన్నగా కూత ఎత్తేది. వాడు వాయించడం ఆపి, అది అనాల్సిందంతా అనేదాకా విని, పకపకా నవ్వి, అప్పుడు ముందుకెళ్లేవాడు.

వాడు పోయాక ఇంట్లో చొక్కాలు మిగిలాయి, చెప్పులు మిగిలాయి. అవి మాట్లాడవు. గయ్యాళి మాట్లాడేది. సాయంత్రం కోడలు సాధనకి కూర్చుని ఆ స్వరం దగ్గరికి వచ్చేసరికి, కింద షాపులో మేస్త్రీ సుత్తి ఆపేవాడు. పైన వంటింట్లో ఆయన భార్య కుళాయి కట్టేసేది. కూత అయ్యేదాకా ఇల్లంతా చెవులై ఉండేది. ఈ సంగతి ముగ్గురిలో ఎవరూ ఎవరితోనూ అనలేదు.

కొత్త చెక్కతో హెడ్డు పెట్టె కడితే సగం శ్రమ తప్పేది. మేస్త్రీ ఒప్పుకోలేదు. చెక్కకి గొంతుంటుందని నమ్మని వడ్రంగి ఎవడు? కూత ఆ చెక్కలోనే ఉందనుకున్నాడు. అందుకే పాత పెట్టెనే అడ్డంగా కోసి, తలకి కొత్తగా అడుగు వేసి, మొండేనికి పైకప్పు వేసి, నల్ల రెగ్జిన్ అతికించాడు. వాల్వుల వేడి పోవడానికి వెనక జాలీ పెట్టాడు. మోయడానికి తోలు పిడి. గీతలు పడకుండా తల కింద దళసరి రబ్బరు కాళ్లు. ఆయన చేతుల్లోంచి అంత ముచ్చటైన పెట్టె అంతకుముందు రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఫ్యూజు వచ్చి ఛాసిస్ బిగించి, స్పీకరు తీగ కలిపి వెళ్లాడు. రెండు పెట్టెల్నీ పైకి మోసుకెళ్లి మొండెం మీద తల పెట్టారు. వాల్వులు వేడెక్కాయి. కోడలు గిటార్ అందుకుంది.

ఆ స్వరం వచ్చింది. వంటింట్లో కుళాయి ఆగింది.

ఏమీ లేదు.

"ఇంకోసారి తల్లీ" అన్నాడు మేస్త్రీ.

ఇంకోసారి వాయించింది. స్వరం మోగింది, తగ్గింది, పోయింది. దాని వెనక ఏమీ రాలేదు. కాసేపటికి వంటింట్లో కుళాయి మళ్లీ విప్పిన చప్పుడైంది.

"బాగుంది మావయ్యా, తేలిగ్గా ఉంది" అంది కోడలు తల ఎత్తకుండా.

మేస్త్రీ చెప్పులు కూడా వేసుకోకుండా ఫ్యూజు షాపుకి పరిగెత్తాడు.

"కూత రావట్లేదురా! కోసి చంపేశాను దాన్ని."

"ముందు కూర్చో. నువ్వేం చంపలేదు. అది చెక్క గొప్పతనం కాదన్నయ్యా, మొదటి వాల్వు ముసలిది. స్పీకరు నెత్తిన కూర్చుని దాని దడకి వణికి కూసేది. ఇప్పుడు ఇల్లు వేరు పెట్టావు, కింద రబ్బరు పరుపు వేశావు. హాయిగా నిద్రపోతోంది."

"మళ్లీ లేపాలంటే?"

"రబ్బరు కాళ్లు పీకేసి, రెండు పెట్టెల్నీ పొడుగు బోల్టులతో కలిపి బిగించెయ్. తెల్లారేసరికి నోరు లేస్తుంది." ఫ్యూజు సోల్డరింగ్ కడ్డీ కింద పెట్టాడు. "అయినా ఇదేం ప్రశ్న? మీ కోడలికి ముందే చెప్పాను కదా, కూత ఆగిపోతుందని."

మేస్త్రీ ఫ్యూజు వైపు తలెత్తి చూశాడు.

"చెప్పలేదా నీకు? 'ఖాయంగా ఆగుతుందా బాబాయ్?' అని ఒకటికి రెండుసార్లు అడిగింది. ఆగుతుందన్నాకే నీ దగ్గరికి పంపించాను."

దారిలో మేస్త్రీ నాలుగు పొడుగు బోల్టులు కొన్నాడు. ఒళ్లు మండిపోతోంది. నడుం నొప్పంది. మెట్లంది. మావయ్యా మావయ్యా అంటూ నా చేతే నా కొడుకు గొంతు కోయించింది.

ఇంటికొచ్చేసరికి కోడలు గదిలో లేదు. మంచిదే అనుకున్నాడు. తల దింపి బోర్లించాడు. ఒక రబ్బరు కాలు పీకాడు. డ్రిల్లుతో అక్కడే మొదటి కన్నం వేశాడు. రెండో కాలి మీద స్క్రూడ్రైవరు పెట్టేసరికి గుమ్మంలో నీడ పడింది.

"ఫ్యూజు బాబాయ్ చెప్పేశారా?" అంది కోడలు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"చెబితే చేసేవారా?"

"చెయ్యను! వాడిది ఏం మిగిలిందని ఇంట్లో? అదొక్కటేగా పలుకుతున్నది! రేపు హాల్లో నలుగురి ముందు అది పలుకుతుంది. పలికి తీరుతుంది. నువ్వు పక్కకి తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. వచ్చి ఆయనకెదురుగా నేల మీద కూర్చుంది.

"బిగించండి. రేపు నేను ఆ స్వరం దాకా వాయిస్తాను, అక్కడ ఆగిపోతాను. సాధనలో రోజూ అదే జరుగుతోంది. మా జట్టు వాళ్లు తిట్టను కూడా తిట్టట్లేదు మావయ్యా, జాలిపడుతున్నారు. తిడితే బాగుండు."

"ఎందుకాగుతావు?"

"ఇదివరకు నేను వాయిస్తుంటే, అది పలగ్గానే పక్కగదిలోంచి ఆయన నవ్వేవారు. ఇప్పుడూ ఆ నవ్వు వినపడాలి కదా. వినపడదు. నేను లేచి వెళ్లి చూస్తాను. పాడైన వాల్వని తెలుసు. తెలిసీ వెళ్లి చూస్తాను. ప్రతిసారీ వెళ్లి చూస్తాను. మీరు కిందుంటారు, అత్తయ్య వంటింట్లో ఉంటారు. ఆ ఖాళీ గది చూసొచ్చేది నేనే."

మేస్త్రీ చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. మాకు వినపడ్డంతసేపూ అది బతుకు, ఈ పిల్లకి రోజూ చావా? అనుకున్నాడు.

"మరి మాకో?" అన్నాడు చివరికి, చిన్నపిల్లాడిలా.



స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, ఆయన లేచి లప్పం డబ్బా తెచ్చాడు. కన్నం పూడ్చి, ఆరనిచ్చి, పీకిన కాలు ఓ వేలెడు పక్కకి జరిపి గట్టిగా బిగించాడు. మిగతా మూడూ ఇంకో చుట్టు తిప్పి చూశాడు. బోల్టులు షాపులో మేకుల పెట్టెలో పడేశాడు.

శనివారం హాలు నిండింది. భార్య రానంది. మేస్త్రీ వెనక గోడకి చేరబడి నిలబడ్డాడు. మూడో పాటలో ఆ స్వరం వచ్చింది. కోడలి వేలు తీగ మీద ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, కదిలిపోయింది. డ్రమ్ములు అందుకున్నాయి, జనం చప్పట్లందుకున్నారు. పాట ఎక్కడికో వెళ్లిపోయింది. మేస్త్రీ చెవి మాత్రం ఆ స్వరం దగ్గరే కాపు కాసింది. ఇప్పుడు వస్తుంది, ఇదిగో ఇప్పుడు. పాట అయిపోయింది, కచేరీ అయిపోయింది, కుర్చీలు సర్దుతున్నారు. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు.

కోడలు తోలు పిడి పట్టుకుని హెడ్డు మోసుకుంటూ వచ్చింది. ముఖమంతా చెమట.

"ఎలా ఉంది మావయ్యా?"

ఆయన పెట్టె వైపు చూశాడు.

"మూల దగ్గర రెగ్జిన్ లేస్తోంది. రేపు కిందికి పట్టుకురా, అతికిస్తాను" అని, రెండో పెట్టె కోసం వేదిక వైపు నడిచాడు.