చివరి స్టాపు

ఆ ఆదివారం కోడలు వంటగది కడిగి, జుట్టు ముడేసుకుని, గడప దగ్గర బయటి చెప్పులు వేసుకోగానే అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది.

"ఎవరికే ఒంట్లో బాగోలేదు?"

"అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు అత్తయ్యా."

"మరి ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. ఊరికే అలా వెళ్లొస్తాను."

"ఊరికేనా!" అంది అత్తగారు, వినరాని మాట విన్నట్టు.

పాఠకులకు నవ్వు రావచ్చు. ఒక్కసారి మీ ఇంట్లో గమనించండి. మగవాడు చొక్కా తగిలించుకుంటే అడిగేవాళ్లుండరు. ఆడది చెప్పుల్లో కాలు పెడితే ఇల్లంతా కారణం అడుగుతుంది.

ఆ ఇంటాయన బస్సు కండక్టరు. పందొమ్మిదేళ్లుగా ఒకటే రూటు, మార్కెట్ నుంచి ఊరి బయట ఆనకట్ట దాకా. ముప్పావుగంట ప్రయాణం. భార్యకు ఉచిత పాసు ఏటా కొత్తది తెచ్చేవాడు. ఆమె బీరువాలో దాచేది. ఆస్పత్రికీ, పెళ్లిళ్లకూ, పరామర్శలకూ తప్ప అది బయటికి వచ్చింది లేదు. "ఆనకట్ట ఎలా ఉంటుందండీ?" అని ఆమె అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "ఏముంటుంది? నీళ్లూ, రాళ్లూ."

ఈ ఏడాది పాసు మూలైనా నలగకుండా నెలాఖరుకు చెల్లిపోతోంది. ముందురోజు అది చూశాకే ఆమె నిశ్చయించుకుంది.

మార్కెట్ దగ్గర బస్సెక్కిన భార్యను చూసి కండక్టరు ముఖం పాలిపోయింది.

"ఏమైంది? అమ్మ బాగానే ఉందా?"

"కడుపునిండా తిని పడుకున్నారు."

"మరి నువ్వెక్కడికి?"

"చివరి స్టాపుకి."

"అక్కడ మనవాళ్లెవరున్నారు? ఏం పని?"

"పని ఇంట్లో ఉందండీ. అక్కడ లేదనే వెళ్తున్నాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "కండక్టరుగారి ఆర్డరు బస్సులోనేనా, ఇంట్లో చెల్లదా?" అన్నాడు ఇంకొకాయన.

కండక్టరు చెవులు ఎర్రబడ్డాయి. "హోల్డాన్!" అని అరిచాడు. బస్సు ఆగింది. "దిగు. ఎదురు బండెక్కి ఇంటికెళ్లు. నలుగురిలో నా పరువు తియ్యకు."

ఇప్పుడు దిగితే ఇక ఈ జన్మకి ఎక్కలేనని ఆమెకు తెలుసు. కిటికీ ఊచ వదలకుండా రెండో చేత్తో పాసు తీసి చూపించింది.

"తేదీ ఉందా? ఫొటో నాదేనా? ఏ రూలు ప్రకారం దింపుతారో చెప్పండి, దిగుతాను."

రిటైర్మెంటుకు దగ్గరపడ్డ డ్రైవరు అద్దంలోంచి అంతా చూస్తున్నాడు. "తమ్ముడూ, పాసున్న మనిషిని నడిదారిలో దింపే రూలు నా సర్వీసులో నేను చూళ్లేదు. రైట్ నువ్వంటావా, నన్ననమంటావా?"

"రైట్" అన్నాడు కండక్టరు. బస్సు కదిలింది.

ఆనకట్ట మీదికి ఎనభై మెట్లు. ఆమె ఆగి ఆగి ఎక్కింది. పైమెట్టు మీద గాలి ఈడ్చి కొట్టింది. కనుచూపు మేర నీళ్లు, మధ్యలో ఒక చిన్న పడవ. ఆమె రాతి గట్టు మీద కూర్చుంది. చేతులు ఒళ్లో ఖాళీగా పడి ఉంటే వాటినేం చేయాలో తెలియక కాసేపు వాటివంకే చూసుకుంది.

ఇరవై నిమిషాలకు భర్త రొప్పుతూ ఎక్కొచ్చాడు. "బండి తీస్తున్నారు, లే..." అంటూ నీళ్లవైపు చూసి ఆగిపోయాడు. "ఇన్ని నీళ్లా!"

ఆమె గిరుక్కున తిరిగింది. "పందొమ్మిదేళ్లలో ఒక్కసారైనా ఎక్కలేదా మీరు?"

"ఆగిన కాసేపూ వెనక సీట్లో కునుకు తీసేవాణ్ని. అయినా ఇక్కడ పనేముందని..."

"మీరు వెళ్లండి. నేను తర్వాతి ట్రిప్పుకి వస్తాను."

ఈసారి ఆయన కాదనలేదు.

సాయంత్రం గడపలోనే అత్తగారు అందుకుంది. "వీధిలో ఏమనుకుంటున్నారో తెలుసా?"

"అనుకోనివ్వండి."

అత్తగారు మూతి ముడుచుకుని గోడవైపు తిరిగింది. కాసేపటికి గోడవైపు నుంచే మాట వినిపించింది. "ఎన్ని మెట్లు?"

"ఎనభై. మధ్యలో రెండుచోట్ల కూర్చోవచ్చు. వచ్చే ఆదివారం మీరూ రండి."

"ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావే?"

"ఇల్లు కదలడానికి ఆడవాళ్లకి ఒకరి జబ్బో, ఒకరి చావో అక్కర్లేదని చెప్పండి అత్తయ్యా. చూడాలనిపించింది, చూడ్డానికి వెళ్తున్నాం. ఆ కారణం చాలు."