వేలు దూరని సందు

మెకానిక్ సమాధానం గోధుమపిండి ముద్దను అరచేతుల మధ్య పొడవుగా నలిపి, కొత్త కాలిపర్ వీపు మీద అంటించాడు. బ్రేకు డిస్కును రెండు వైపులా పట్టి నొక్కే ఆ ఇనుప దవడ పాతదానికంటే బాగా పెద్దది. పిండి మీద చుక్క నూనె రాసి, అల్లాయ్ చక్రాన్ని ఎత్తి తగిలించి, రెండు నట్లు బిగించి, చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. మళ్ళీ ఊడదీశాడు. చక్రం ఒత్తిడికి పిండి చదునైంది. దాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి స్కేలు ఆనించి చూశాడు. చక్రానికీ కాలిపర్‌కీ మధ్య సందు నాలుగు మిల్లీమీటర్లు.

"చాలు," అనుకున్నాడు.

ఆ పిండి పొద్దున ఎలిశబెతు చపాతీలకు కలిపిన దాంట్లోదే. "కారుక్కూడా టిఫినేనా? మొగుడికే రెండు చపాతీలు మించి పెట్టొద్దన్నాడే డాక్టరు!" అంటూనే విడిగా చిన్న ముద్ద తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది.

కొడవలూరు దగ్గర హైవే పక్కనున్న ఆ రేకుల షెడ్డులో సమాధానం ముప్ఫై నాలుగేళ్ళుగా బ్రేకులు బాగుచేస్తున్నాడు. పొట్టి మనిషి. కార్ల కిందికి వంగి వంగి వీపు కొంచెం గూనిదేరింది. ఒకప్పుడు డిస్కు మీద వెంట్రుకంత గీత పడినా కళ్ళు మూసుకుని వేలితో చెప్పేవాడు. రెండేళ్ళుగా వేళ్ళ చివరలు మొద్దుబారాయి. షుగరు. పలచటి గుడ్డ చుట్టుకుని తాకినట్టుంటుంది. మొన్న వేడి ఇనుము మీద చెయ్యి పెడితే, కాలిన వాసన వచ్చాకే తెలిసింది. ఈ సంగతి ఎలిశబెతుకు తప్ప ఎవరికీ తెలియదు.

కారు అశోక్‌ది. అతనికి అల్లూరులో రొయ్యల గుంటలున్నాయి. నీళ్ళు నింపిన రొయ్యపిల్లల సంచులు వేసుకుని వస్తుంటే, పోయిన వారం స్కూలు ఆటోకు జానెడు దూరంలో ఆగిందట కారు. అందుకే అదే కంపెనీ పెద్ద కారు బ్రేకులు తెచ్చుకున్నాడు.

"పెద్ద వీల్సు ఏసుకుంటే ఈ బాధే లేదు కదా అబ్బయ్యా," అన్నాడు సమాధానం.

"ఇయ్యి తీసేస్తే ఎట్టన్నా? ప్రత్యూష పెళ్ళికి ఒప్పుకునింది ఈ వీల్సు చూసే. నా మొగం చూసి కాదు."

"మరిప్పుడేమంటాది?"

"బ్రేకులు పట్టిందాకా ఎక్కనంటుండాది. రేపు ఆస్పత్రికి తీసకపోవాల. ఎనిమిదో నెల."

సమాధానం కారు ముందు చక్రాలు రెండూ పక్క షెడ్డులో రూఫస్‌కిచ్చాడు. టైర్లు, బ్యాలెన్సింగు రూఫస్ పని. అతడు చక్రాలను యంత్రం మీద తిప్పి, బరువు సరిపోయేలా లోపలివైపు సీసం ముక్కలు అంటించి పంపాడు. బిగించే ముందు సమాధానం అలవాటు ప్రకారం చక్రం లోపల చుట్టూ ఒకసారి వేళ్ళతో తడిమాడు. లైటు వేసి చూడలేదు. ఈ పనికి ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ వేళ్ళే కళ్ళు. చేతికి ఏమీ తగల్లేదు. తిప్పితే చక్రం కూడా సాఫీగానే తిరిగింది.

వెనక సీటులో నాలుగు ఇసుక బస్తాలు వేసుకుని అల్లూరు దారి పట్టారు. రెండు వైపులా వరి పొట్టమీదుంది. అశోక్ గట్టిగా బ్రేకు తొక్కాడు. బస్తాలు కదిలాయి గాని కారు గీసిన గీత మీద ఆగింది.

"అబ్బా! గుంజకి కట్టేసినట్టు నిలబడిందన్నా!"

కాలువ దగ్గర మలుపు తిరుగుతుంటే ఎడమవైపు నుంచి సన్నగా గరగర వినిపించింది. రోడ్డు తిన్నగా అయ్యేసరికి ఆగిపోయింది.

"రాయేమోలే," అన్నాడు అశోక్.

అవునంటే సరిపోయేది. సమాధానం తన చేతులకేసి చూసుకున్నాడు.

"రాయి కాదు. చక్రంలోనే ఏందో ఒరుసుకుంటుండాది."

రోడ్డు పక్కనే జాకీ పెట్టి చక్రం ఊడదీశాడు. లోపల సరిగ్గా కాలిపర్ ఎదురుగా వచ్చే చోట రెండు వేళ్ళ వెడల్పున సీసం ముక్క. మలుపులో చక్రం వెంట్రుకవాసి ఒరిగితే రాసుకుంటోంది. ఒరిసినంత మేరా తళతళమంటోంది.

"ఇది ఊడి సందులో పడితే చక్రం పట్టేస్తాది," అన్నాడు.

"రూఫస్ ఎంత పని చేసినాడన్నా!"

"రూఫస్ ఎప్పుడూ అంటించేది ఆడే. చూసుకోవాల్సింది నేను. తడిమినా. తెలవలా." ఒరిసిన చోట బొటనవేలు ఆనించాడు. "రెండేండ్లుగా నా వేళ్ళకి ఏందీ తెలవడం లేదు."

అశోక్ ముఖం ఎర్రబడింది. "మరి నా బండెందుకు పట్టుకున్నావన్నా? రేపు కూర్చోబోయేది ఇద్దరు గదా!"

"చెయ్యగలననుకున్నా."

సీసం పీకేసి, నెమ్మదిగా షెడ్డుకు తిరిగొచ్చారు. రూఫస్ బరువులను కాలిపర్‌కు దూరంగా అంచువైపు జరిపి అంటించాడు. ఈసారి సమాధానం రూఫస్‌నే తడమమన్నాడు. తను టార్చిలైటు పట్టుకుని చుట్టూ చూశాడు. తరువాత పసుపు రంగు డబ్బా, సన్న కుంచె తెచ్చుకుని, రెండు చక్రాల లోపలా పలక మీద దిద్దినట్టు ఒక్కొక్క అక్షరమే రాశాడు: ఇక్కడ సీసం వద్దు.

"బయటికి కనపడదు గదన్నా, ఎవురు చదవతారు?" అన్నాడు రూఫస్.

"చక్రం ఊడదీసినోడు చదవతాడు."

బస్తాలతో మళ్ళీ కాలువ మలుపుదాకా వెళ్ళొచ్చారు. రెండుసార్లు తిరిగారు. ఏ చప్పుడూ లేదు. అశోక్ ఇంటికి బయలుదేరుతూ అద్దం దించాడు. ఏదో అనబోయి, "పొయ్యొస్తా అన్నా," అని మాత్రం అన్నాడు.

సాయంత్రం సమాధానం పానాలన్నీ తుడిచి రూఫస్ బల్ల మీద పెట్టాడు.

"ఏందన్నా ఇది?"

"రేపట్నుంచి రాను."

"జొరమా?"

"కాదు. చాలు."

మళ్ళీ ఆ షెడ్డు వైపు రాలేదు. ఆ ఏడు డిసెంబరులో ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. ఎలిశబెతు టీ తెచ్చి రెండుసార్లు పిలిచిందాకా ఎవరికీ తెలియలేదు.

ఎండాకాలంలో అశోక్ టైర్లు మార్పించడానికి వచ్చాడు. వెనక సీట్లో ప్రత్యూష ఒళ్ళో బిడ్డ నిద్రపోతున్నాడు. రూఫస్ ముందు చక్రం ఊడదీసి, లోపల పేరుకున్న బ్రేకు నుసిని తడిగుడ్డతో తుడిచాడు. పసుపు అక్షరాలు బయటపడ్డాయి. "వద్దు"లోని వత్తు కొంచెం పక్కకు జారింది. మిగతావన్నీ తిన్నగానే ఉన్నాయి.