పన్నెండు గంటల అంకె

కళ్ళజోడు మీది చినుకులు చొక్కా అంచుతో తుడుచుకుని, ఎడమచేత్తో ఇనుప కమ్మీ గట్టిగా పట్టుకుని, ఆయన నీళ్ళలో నిలబడ్డ రాతిస్తంభం వైపు వంగి చూశాడు. స్తంభం మీద తెల్లగీతలు, నల్ల అంకెలు. పది అడుగులు దాటి నాలుగు వేళ్ళు. నమ్మకం చాలక ఇంకో రెండు అలలు పోనిచ్చి మళ్ళీ చూశాడు. పదీ పావు, సందేహం లేదు. మెట్లెక్కి గదిలోకి వచ్చి, రిజిస్టరులో ‘ఎనిమిది గంటలు, పదీ పావు’ అని రాసుకున్నాక గానీ తల తుడుచుకోవడానికి తువ్వాలు అందుకోలేదు.

ఇరవయ్యారేళ్ళుగా ఆయన ఉద్యోగం ఇదే. ఒడ్డున మెరక మీద ఒంటి గది, అక్కణ్ణుంచి నదిలోకి యాభై రెండు మెట్లు. వానాకాలంలో గంటకోసారి దిగాలి, చూడాలి, ఎక్కాలి, రాయాలి. నీళ్ళు పెరిగేకొద్దీ దిగాల్సిన మెట్లు తగ్గుతాయి. మోకాళ్ళకు అది సుఖమే గానీ గుండెకు కాదు. దిగువ వీధిలో అందరూ ఆయన్ని ‘అడుగుల మామయ్య’ అంటారు. ఎలా ఉన్నావని పలకరిస్తే తొమ్మిదడుగులున్నానని చెబుతాడని వాళ్ళ వేళాకోళం. ఒకసారి నిజంగానే అలా అన్నాడు, ఆ తరవాత ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

మనిషి పిరికివాడు. దాచడం దేనికి? బల్లిని చూస్తే భయం, పై అధికారిని చూస్తే భయం. ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. పెళ్ళి కాకపోవడానికి కూడా అదే కారణమని చెల్లెలు అంటుంది. ఏటి ఒడ్డున ఒంటరిగా ఉంటాడు కదా, నీళ్ళంటే మాత్రం జంకడేమో అని కొత్తవాళ్ళు అనుకుంటారు. అందరికంటే ఎక్కువగా ఆయన భయపడేది నీళ్ళకే. తొమ్మిదేళ్ళప్పుడు, దిగువ వీధిలో వాళ్ళ సొంతింట్లో, మంచం మీంచి వేలాడుతున్న చెయ్యి తడిసి మెలకువ వచ్చింది. ఆ రోజు నాన్నమ్మ దక్కలేదు. అప్పటినుంచీ ఆయన రెండు చేతులూ గుండెల మీద పెట్టుకునే పడుకుంటాడు.

ఎనిమిదిన్నరకు కొత్త ఇంజినీరు వచ్చింది. చిన్న వయసు, మంచి మనిషి, గొడుగు బయటే దులిపి లోపలికి వచ్చే పద్ధతి తెలిసిన మనిషి. వచ్చిన పని ఆ గదిలోని కంప్యూటరు గురించి.

ఆ కంప్యూటరుకు ఒక కథ ఉంది. ఆరేళ్ళ కిందట పాత ఇంజినీరు దాన్ని మేజా కింద పెట్టించి, నీటిమట్టం చూపించే ఒక వెబ్‌పేజీ తయారుచేయించాడు. పేజీలో ఒకటే పెద్ద అంకె, దాని కింద చిన్న అక్షరాల్లో వేళ. బయటి కంపెనీకి నెలనెలా కట్టి వాళ్ళ కంప్యూటర్లో పెట్టుకోవచ్చని ఎవరో అంటే, అద్దె మేడ కంటే సొంత పాక నయమని ఆ ఇంజినీరు కొట్టిపారేశాడు. అలా పేజీ ఈ గదిలోనే కాపురం పెట్టింది. పాక పాకే కదా. గట్టి వాన పడి కరెంటు పోతే పేజీ పోయేది. వానకు బెదిరి జనమంతా ఒక్కసారే తెరిచినా పోయేది. దిగువ వీధి వాళ్ళు మొదట తిట్టుకున్నారు, తరవాత అలవాటు పడ్డారు, ఆ తరవాత దాన్నే గుర్తుగా పెట్టుకున్నారు. పేజీ తెరుచుకోలేదంటే గది దగ్గర పరిస్థితి బాగాలేదని అర్థం. పేజీ పడిపోతే పరుపు చుట్టండి అనేది చెల్లెలి అత్తగారు, మంచం మీంచే. ఆరేళ్ళలో రెండుసార్లు వీధిలోకి నీళ్ళు వచ్చాయి. రెండుసార్లూ మనుషులు ముందే బడి మేడ మీదికి చేరుకున్నారు.

పదిహేను రోజుల కిందటి మీటింగులో కొత్త ఇంజినీరు ఆ సంగతే ఎత్తింది. వానలోనే చిరిగిపోయే గొడుగు ఎందుకండీ అని అడిగింది. గదికి పెద్ద బ్యాటరీ, రెండో లైను వేయించి సొంతంగానే నడుపుకోవడమా, నెలకింత కట్టి బయటి హోస్టింగ్ కంపెనీకి అప్పజెప్పడమా అని చర్చ జరిగింది. అందరూ హోస్టింగ్ వైపే మొగ్గారు. చివర్లో ఆమె ఆయన వైపు తిరిగి, రోజూ అంకె వేసేది మీరే కదా, మీకేమైనా అభ్యంతరమా అని అడిగింది. సర్వీసులో ఆయన అభిప్రాయం అడిగినవాళ్ళు అంతకుముందు లేరు. లోపల ఏదో ముల్లులా గుచ్చుకుంది గానీ, అన్ని ముఖాలు తన వైపు తిరిగేసరికి గంగిరెద్దులా తలూపి కూర్చున్నాడు. ఆ ముల్లు ఏమిటో గదికి తిరిగొచ్చాక తెలిసింది. తెలిసినప్పటినుంచీ అన్నం సయించలేదు.

ఇప్పుడు ఆమె కుర్చీలో కూర్చుని, పేజీ కొత్త చోటికి మారిందని, ఇక్కణ్ణుంచి అంకె కొట్టి పంపితే చాలని చూపిస్తోంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“మేడమ్, ఇక్కడ లైను పోయిందనుకోండి. అక్కడి అంకె ఏమవుతుంది?”

“ఏమీ కాదండీ. చివరగా మీరు వేసింది అలాగే ఉంటుంది. పేజీ మాత్రం పడిపోదు. అదే కదా మనకు లాభం.”

అదే కదా భయం అని ఆయన అనుకున్నాడు. మెల్లగా, సగం సగం మింగుతూ, ఆగిపోయిన అంకె చూసి జనం ధైర్యంగా కూర్చుంటారేమో అన్నాడు. ఆమె కొట్టిపారేయలేదు. కింద వేళ ఉంటుంది కదా, చూసుకుంటారు అంది. అయినా మీరు చెప్పింది నిజమే, గంట దాటితే ఎర్రగా హెచ్చరిక వచ్చేలా పెట్టమని కంపెనీకి రాస్తాను, వచ్చే వారానికల్లా అయిపోతుంది అని పుస్తకంలో రాసుకుంది కూడా. ఆయన మళ్ళీ తలూపాడు. చెల్లెలు కళ్ళజోడు వెతుక్కోవడానికి బద్ధకించి పెద్ద అంకె ఒక్కటే చూస్తుందని, వీధి మొత్తం అంతేనని ఆమెకెలా చెప్పడం? వచ్చే వారమంటే ఏడు రోజులు. వాన ఈ రోజుది.

ఆమె వెళ్ళాక తొమ్మిదికి పదిన్నర, పదికి పదీ ముప్పావు, పదకొండుకు పదకొండు. వేసిన ప్రతి అంకె క్షణంలో పేజీలోకి ఎక్కింది. ఇంత వానలోనూ పేజీ అద్దంలా తెరుచుకుంటోంది. అది చూసినకొద్దీ ఆయనకు భయం ఎక్కువైంది.

పదకొండూ నలభైకి ఫోను మోగింది. నలభై మైళ్ళ ఎగువన ఇలాంటి గదిలోనే ఇదే పని చేసే మనిషి. ఇరవయ్యేళ్ళుగా గొంతులు తెలిసినవాళ్ళే గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

“అన్నా, ఇక్కడ గంటలో నాలుగడుగులు లేచింది. ఇంకా లేస్తోంది. రెండింటికల్లా నీ దగ్గరికి వస్తుంది, జాగ్రత్త,” అన్నాడు. అంతలోనే లైను తెగిపోయింది.

గది దగ్గర పదహారు దాటితే గంటలో దిగువ వీధి మునుగుతుంది. చెల్లెలి అత్తగారు నడవలేదు. మంచంతో సహా నలుగురు మోయాలి, సందులోంచి తిప్పాలి, మేడ మెట్లు ఎక్కించాలి. నీళ్ళు కనబడ్డాక మొదలుపెట్టే పని కాదది.

ముందు ఇంజినీరుకు ఫోను చేశాడు. ఆమె ఇంకో ఊరి దారిలో ఉంది. పైవాళ్ళకు చెబుతాను, పద్నాలుగు దాటగానే వాళ్ళే మైకులో చెప్పిస్తారు అంది. అప్పటిదాకా మీరు చూసిందే వేయండి, అంచనాలు మన పని కాదు అని గట్టిగా చెప్పింది. సరే మేడమ్ అన్నాడు. ఆయనకు వచ్చిన మాట అదొక్కటే.

తరవాత చెల్లెలికి చేశాడు. చెప్పిందంతా విని ఆమె నవ్వింది, ప్రేమగానే. కిందటేడు నాలుగుసార్లు ఇలాగే హడలెత్తించావు, నాలుగుసార్లూ అత్తయ్యను మోయించాను, చుక్క నీరు రాలేదు, మోసినవాళ్ళు ఇప్పుడు నన్ను చూస్తేనే పక్కసందులోకి తిరుగుతున్నారు అంది. పేజీ కూడా చక్కగా తెరుచుకుంటోంది కదా అంది.

“నీ భయం నాకు చెప్పకు అన్నయ్యా. నీ అంకె చెప్పు.”

“పదకొండు,” అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాలేదు.

పన్నెండుకు దిగి చూశాడు. పదకొండున్నర. నీళ్ళ రంగు మారింది, నురుగుతో పాటు వేళ్ళతో సహా పెకలిన చెట్లు వస్తున్నాయి. రిజిస్టరులో ‘పదకొండున్నర’ అని రాశాడు. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పక్కన లైను పెట్టె మీద పచ్చదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. అది ఇంకెంతోసేపు నిలవదు. అది ఆరిన క్షణంలో పేజీలో ఏ అంకె ఉంటే అదే నిలిచిపోతుంది. పదకొండున్నర ఉంటే, ఆ పదకొండున్నర చూసుకుంటూ చెల్లెలు మిషను ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకుంటూ ఉంటుంది.

ఇరవయ్యారేళ్ళలో ఆయన పావు అడుగు అటూఇటూ వేసింది లేదు. జ్వరంలో వేసిందీ సరైన అంకే. తల్లి పోయిన రోజు వేసిందీ సరైన అంకే. ఉద్యోగం పోతుంది. విచారణ అంటారు, గదినిండా ముఖాలు, అన్నీ తన వైపే.

పద్నాలుగు వేద్దామనుకున్నాడు. పద్నాలుగంటే కూర్చుని మాట్లాడుకుంటారు. పదహారంటే సామాన్లు సర్దుకుంటారు. ముసలామెను మోయడానికి నలుగురూ పరుగెత్తుకు రావాలంటే ఎంత? ఒకటి అంకె రెండుసార్లు పడింది, చెరిపి మళ్ళీ కొట్టాడు. పద్దెనిమిది. పంపాడు. ప్రమాదపు మట్టం దాటిందని పేజీ మొత్తం ఎర్రబడింది.

రెండు నిమిషాలు కాకుండానే ఫోను మోగింది.

“అన్నయ్యా, పద్దెనిమిది అంటోంది. నిజమేనా?”

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

“నిజమే. అత్తయ్యను ముందు ఎక్కించు.”

ఆ తరవాత పచ్చదీపం ఆరింది, ఫోనులో సిగ్నల్ గీతలూ పోయాయి, కరెంటూ పోయింది. గదిలో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒంటిగంటకు దిగాడు, ఎక్కాడు, ‘పదమూడు’ అని రాశాడు. పంపే దారి లేదు, చూసేవాళ్ళూ లేరు. అయినా గంట కొడితే కూర్చోలేడు. పేజీలో ఒక అబద్ధం ఉంది కాబట్టి రిజిస్టరులోనైనా నిజం ఉండాలనిపించిందో ఏమో. రెండు కావడానికి అయిదు నిమిషాలుండగా నది చప్పుడు మారింది. పెద్ద లారీ ఏదో దగ్గరికి వస్తున్నట్టుంది. ఆయనకు పారిపోవాలనిపించింది, అది మామూలే, రోజూ అనిపించేదే. రిజిస్టరులో ‘రెండు గంటలు’ అని ముందే రాసిపెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, కమ్మీ పట్టుకుని మెట్లు దిగాడు.

బడి మేడ మీద ఒకటిన్నర నుంచే గొణుగుడు మొదలైంది. వీధి పొడిగా ఉంది. ఆ గదిలో చాదస్తం ముదిరిందని ఒకరు, కంపెనీవాళ్ళ పేజీ కదా ఏదో తప్పు చూపిస్తోందని ఇంకొకరు. ఇస్త్రీ బండి ఆయన, గిరాకీల బట్టలన్నీ కిందే ఉన్నాయని దిగబోయాడు. చెల్లెలు మెట్లకు అడ్డంగా కూర్చుంది. మా అన్నయ్య పిరికివాడే, అందరికీ తెలుసు, కానీ అంకె తప్పు వేయడు అంది. ఫోను ఎత్తి చూపించింది. ఎక్కడో దూరాన, దీపాలు ఆరని కంపెనీ గదిలో, పేజీ చెక్కుచెదరకుండా ఉంది. పద్దెనిమిది. ఇస్త్రీ బండి ఆయన సణుక్కుంటూ వెనక్కి వచ్చాడు. మూడింటికి కాస్త ముందు సందు మొదట్లో గోధుమరంగు నీళ్ళు కనిపించాయి. మూడున్నరకు కిటికీలు మునిగాయి. మేడ మీద నలభై ఒక్కమంది, మంచం మీద ముసలామె.

ఆయన మూడో రోజున దొరికాడు, చాలా దిగువన. ఆ కబురు రాకముందే, మర్నాడు పొద్దున్నే, చెల్లెలూ ఇంజినీరూ గదికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి ఉంది. నీళ్ళు గడప దాకా రాలేదు. ఇంజినీరు రిజిస్టరు తిప్పి చూసింది. పన్నెండు గంటలకు పదకొండున్నర. ఒంటిగంటకు పదమూడు. రెండు గంటల పక్కన ఖాళీ. ఆమెకు అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. తన ఫోను తీసి పేజీ తెరిచింది. దిద్దడానికి వేలు పెట్టి, దిద్దకుండానే ఫోను సంచిలో వేసుకుంది.

“అన్నయ్య నాతో ‘నిజమే’ అన్నాడు,” అంది చెల్లెలు. ఇంకేదో అనబోయి, ఏడ్చింది.

చీకటిగా ఉన్న కంప్యూటరు తెర మీద ఒక చీటీ అంటించి ఉంది. రిజిస్టరు కాగితం నీటుగా చింపి, గుండ్రటి చేతిరాతతో రాసింది: ‘పన్నెండు గంటల అంకె పద్దెనిమిది కాదు, పదకొండున్నర. పొరపాటు కాదు, కావాలనే వేశాను. దిగువవాళ్ళ తప్పేమీ లేదు. లైను రాగానే దిద్దుతాను.’ తడి గాలికి ఊడిపోకుండా దానికి నాలుగు మూలలా టేపు అంటించి, కింద సంతకం, వేళ వేసి ఉన్నాయి.